సీటు వెనక తోలుపట్టీ

"కాయితం తియ్యకు తాతా! నీకు దండం పెడ్త, జెర ఆగు!"

అప్పటికే పర్వతాలు బొటనవేలి గోరు కాయితం అంచు కిందికి దూరిపోయింది. చర్రుమని ఒక్క లాగు లాగాడు. నిన్ననే పెట్టెలోంచి దించిన కొత్త సైకిలు పైకడ్డీ నల్లగా నిగనిగలాడుతూ బయటపడింది. కొన్న మనిషి, మెట్టుగూడ యేసురాజు, తన ఒంటి తోలు ఒలిచినట్టు మొహం పెట్టాడు.

ఈ ఊళ్ళో సైకిలు కొన్నవాడెవడూ ఫ్రేముకు చుట్టివచ్చిన గోధుమరంగు కాయితాన్ని తియ్యనివ్వడు. రంగు పోతుందట. ఆర్నెల్లకు ఆ కాయితం పీలికలవుతుంది, వానకు నానుతుంది, దాని కింద నీళ్ళు నిలిచి రంగుతోపాటు ఇనుమూ పోతుంది. అప్పుడు ఆ తుప్పు బండిని తెచ్చి దుకాణం ముందు నిలబెట్టి, సరుకు మంచిది కాదని పర్వతాలు మీదే విరుచుకుపడతారు. సికింద్రాబాదు స్టేషన్ రోడ్డులో, తుకారాం దుకాణంలో, అతను ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు బిగిస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ కాయితం మాట చెబుతున్నాడు. గోడకు చెప్పినా ఈపాటికి వినేదేమో.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టివాడు, నడుము కొంచెం వంగింది, ధోవతి మోకాళ్ళదాకా ఎగగట్టి ఉంటుంది. కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో సుత్తి దెబ్బకు చితికి వంకరగా అతుక్కుంది. గ్రీజు గోళ్ళ సందుల్లో చేరి ఏ సబ్బుకూ లొంగని నలుపై కూర్చుంది. ఆ పొద్దున ఎడమ భుజం ఒకటే లాగుతోంది. గూడ్సు షెడ్డు నుంచి పెట్టెలు మోసినందుకు అనుకున్నాడు. "ఇయ్యాల పోకుంటే ఏమైతది?" అని భార్య బుచ్చమ్మ అడిగితే, "పన్నెండు బండ్లు ఎవరు బిగిస్తరు, నువ్వా?" అని విసుక్కుని బోయిగూడ ఇంట్లోంచి వచ్చేశాడు.

పన్నెండు బండ్లు రావడమంటే మాటలు కాదు. పోలీసు చర్యకు ముందు నెలల తరబడి సరిహద్దు దాటి సరుకు రాలేదు. టైరు లేదు, ట్యూబు లేదు. జనం టైర్లలో గుడ్డపేలికలు కుక్కి తొక్కారు. ఇప్పుడు చర్య అయి మూడు నెలలు. ఫౌజు లారీలు తిరుమలగిరి వైపు తిరుగుతున్నాయి, గూడ్సు బండ్లు నడుస్తున్నాయి, మొదటి సరుకు దిగింది. దాంతో ఊరంతా ఒక్కసారే సైకిలెక్కాలని దుకాణం మీద పడింది. ఏ బండి కావాలో మాత్రం ఒక్కరికీ తెలియదు.

"ఇప్పటికైనా ఇరవైరెండంగుళాలది తీస్కో బిడ్డా," అన్నాడు పర్వతాలు, నాలుగోసారి. "ఇరవైనాలుగు నీకు ఎత్తయితది. నీ కాలెంతనో నాకు తెల్వదా? మైదానంల తోలుపట్టీ పట్కొని నీకు నేర్పించింది ఎవరు?"

"అప్పుడు చిన్నగుంటి తాతా. ఇప్పుడు రైల్వేల పెద్ద క్లర్కునైన."

"క్లర్కయితే కాలు పెరుగుతదా?"

"మా సాహెబుది సుత ఇరవైనాలుగే," అన్నాడు యేసురాజు. అక్కడితో వాదం తేలిపోయింది.

ఆ తర్వాత సామాను ఎంచుకున్నాడు. రెండు బెల్లులు కావాలట. సీటుకు కుచ్చుల మఖ్మల్ గలేబు కావాలట. చక్రం నడుమ రంగు దారాల పువ్వు కావాలట. పంపు మాత్రం వద్దట, బరువట. బురదరెక్క కింద రబ్బరు వద్దట, అందం చెడుతుందట. పర్వతాలు నోరు మూసుకుని అన్నీ బిగించాడు. యేసురాజు దుకాణం మెట్టెక్కి, అక్కడినుంచి సీటు మీదికి దూకి, రెండు బెల్లులూ మోగించుకుంటూ పోయాడు. కాళ్ళు పెడళ్ళను ఒకటి అందుకుంటే ఒకటి వదిలేస్తున్నాయి.

"ఎక్కిండు, ఎట్ల దిగుతడు?" అని పర్వతాలు పైకే అనుకుని పానా కింద పడేశాడు.

సైకిలు ఎంచుకోవడం అతని లెక్కలో కష్టమే కాదు. కాలు చూడాలి, కట్టిన బట్ట చూడాలి, తొక్కే తోవ చూడాలి. అంతే. కాని మనుషులు మీసాన్ని చూసుకుని, పక్కింటివాణ్ణి చూసుకుని ఎంచుకుంటారు. అన్నిటికన్నా ఎక్కువ రోత పుట్టించేవాళ్ళు ధోవతి కట్టేవాళ్ళు. పైకడ్డీ మీదుగా కాలెత్తలేరు, ఎత్తితే బట్ట నిలవదు, కుచ్చెళ్ళు చైనులో పడి నడిరోడ్డు మీద బోర్లాపడతారు. పైకడ్డీ వంగి, నిండా చైను కవరు ఉన్న లేడీస్ సైకిలైతే హాయిగా ఎక్కి దిగవచ్చు. ఈ ముక్క చెబితే కొట్టడానికొస్తారు. ముప్పై ఏళ్ళలో ఒక్కడంటే ఒక్కడు వినలేదు.

నిన్న దిగిన పన్నెండిట్లో లేడీస్ సైకిలు ఒకటే ఉంది. అన్నిటికన్నా ముందు దాన్నే బిగించి, లోపలి గోడకు ఆనించి పెట్టాడు. కాయితం చింపలేదు. అది నర్సు కాంతమణిది.

ఆ సంగతి కాంతమణికీ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కింద పర్వతాలు చిన్నకూతురు లచ్చమ్మ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. దుకాణం తాళం పడ్డాక నొప్పులు మొదలయ్యాయి. పర్వతాలు బోయిగూడ నుంచి మెట్టుగూడ దాకా పరిగెత్తి కాంతమణిని లేపాడు. ఇద్దరూ నడుస్తూ, పరిగెడుతూ వచ్చారు. వచ్చేసరికి లచ్చమ్మ ఒళ్ళు చల్లబడుతోంది. అరగంట ముందు వస్తే దక్కేదని కాంతమణి దాచకుండా చెప్పింది. ఊరందరికీ సైకిళ్ళు బిగించినవాడి ఇంట్లో ఆ పూట సైకిలు లేదు. బుచ్చమ్మ నర్సు మీద కోపం పెట్టుకుంది. పర్వతాలు ఎవరి మీదా పెట్టుకోలేదు, తన మీద తప్ప.

మొన్న మాఘమాసంలో కాంతమణి దుకాణం ముందు ఆగింది. రోజూ చూసే మనిషే. బయటివైపు అరిగిన చెప్పులు, మోచేతికి తగిలించుకున్న తోలుసంచి, గబగబా పడే అడుగు. "ఆడోళ్ళ సైకిల్ వస్తే నాకు జెప్పు పెద్దయ్యా" అంది. సరేనన్నాడు. అంతలో సరుకు ఆగిపోయింది. ఈ పది నెలలూ అతను మనసులో ఆ బండిని బిగిస్తూనే ఉన్నాడు. చీర కొంగు పడకుండా వెనక చక్రానికి దారాల వల. సంచి జారకుండా వెడల్పాటి క్యారియరు. గుంతల తోవ కనక స్ప్రింగుల సీటు. డైనమో వద్దు, మెల్లగా పోయేవాళ్ళకు అది వెలగదు, నూనెదీపమే మేలు. నిన్న అవన్నీ ఒక్కటొక్కటిగా బిగిస్తుంటే చాలా రోజుల తర్వాత అతనికి సంతోషం కలిగింది.

పది గంటలకు తెల్లటి పంచె, మూసిన కోటు, చంకలో గొడుగుతో ఒకాయన వచ్చాడు.

"నమస్కారమండీ. నా పేరు జ్ఞానశేఖర్. కొత్త ఆఫీసులో పనికని బందరు నుంచి వచ్చాను. సీతాఫల్‌మండిలో దిగాను. నాకు సైకిళ్ళ సంగతి ఏమీ తెలియదు. మీరు ఏది తీసుకోమంటే అదే తీసుకుంటాను."

పర్వతాలు చేతిలో పానా అలాగే ఉండిపోయింది. ఈ మాట వినడానికే ముప్పై ఏళ్ళు బతికినట్టుంది. ఆనందంగా మనిషిని కాళ్ళనుంచి కొలవడం మొదలుపెట్టి, పంచె దగ్గర ఆగి, వెంటనే లోపలి గోడ దగ్గరి బండి వైపు చూశాడు.

లోపల గల్లా దగ్గర కూర్చున్న తుకారాం నవ్వాడు. పాత యజమాని కొడుకు, నలభై ఏళ్ళవాడు, పర్వతాలును కాకా అంటాడు. "ఏందీ కాకా, చెప్పవేంది? పంచె కట్టినోళ్ళకు లేడీస్ సైకిలే మంచిదని రోజూ నా చెవులు తింటవ్ గద! సారుకు చెప్పు!"

జ్ఞానశేఖర్ గోడ దగ్గరి బండిని చూశాడు. వంగి చైను కవరు తట్టాడు. "నిజమేనండీ. పంచె చిక్కుకోదు. ఎక్కడం దిగడం తేలిక. ఇదే ఇప్పించండి."

"గది ఆడోళ్ళది సారూ," అన్నాడు పర్వతాలు. "తొవ్వల నవ్వుతరు."

తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు అతనికి ఒళ్ళు మండిపోయింది. ఇదే మాట అన్నందుకు ఎంతమందిని తిట్టాడో లెక్కలేదు.

"నవ్వనివ్వండి. నాలుగు రోజులు నవ్వుతారు."

చెబితే ఒక్కడూ వినడు, వినేవాడు ఇవాళే రావాలా! నర్సమ్మకు మాటిచ్చానని చెప్పవచ్చు. చెబితే ఏ నర్సమ్మ అంటాడు తుకారాం, ఎందుకంటాడు, అప్పుడు లచ్చమ్మ పేరు నోట రావాలి. రెండేళ్ళుగా ఆ పేరు అతని గొంతు దాటి రాలేదు. పర్వతాలు బండి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పెడలు కొమ్మను ఇరుసుకు పట్టి ఉంచే కాటరు పిన్నును, చిటికెనవేలంత ఇనుపముక్కను, నట్టు విప్పి, మెల్లగా రెండు దెబ్బలు కొట్టి ఊడదీసి, అరచేతిలో దాచాడు. పెడలు వదులై గలగలమంది.

"చూసినవా సారూ, కాటరు పిన్ను లేదు. పెట్టెల రాలే. తొక్కితే పెడలు ఊడి చేతికొస్తది."

"నిన్న బిగించినవ్ గద?" అన్నాడు తుకారాం.

"బిగిస్తే ఉంటదా? సీతాఫల్‌మండిల పాతసామాను దుకాణంల దొరుకుతది. పోయి తెస్త. సారును ఐదింటికి రమ్మను."

జ్ఞానశేఖర్ గొడుగు సవరించుకుని, అలాగే అని వెళ్ళిపోయాడు. అంత మంచిగా వెళ్ళిపోయినందుకు కూడా పర్వతాలుకు చిరాకే వేసింది.

కాంతమణిని వెతుక్కుంటూ చిలకలగూడ మీదుగా నడిచాడు. ఎండ పెద్దగా లేదు, అయినా చెమట కారుతోంది. భుజం లాగుడు మోచేతిదాకా దిగింది. మలుపు దగ్గర ఒక దీపస్తంభాన్ని కావిలించుకుని సైకిలు మీద యేసురాజు కనిపించాడు. కాళ్ళు రెండూ నేలకు జానెడు ఎత్తున వేలాడుతున్నాయి.

"ఏంది బిడ్డా, గిట్ల నిలబడ్డవ్?"

"ఏం లేదు తాతా, జెర దమ్ము తీస్కుంటున్న."

"ఎంతసేపయింది?"

యేసురాజు స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పర్వతాలు సీటు పట్టి నిలబెడితే దిగి, గోడ చూసుకుని మళ్ళీ ఎక్కాడు. "ఇరవైరెండు" అని గొంతుదాకా వచ్చిన మాటను పర్వతాలు మింగేశాడు. చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయింది.

కాంతమణి సీతాఫల్‌మండిలో ఒక కాన్పు ఇంట్లో ఉందని ఆమె పనిచేసే ఆస్పత్రి గేటు దగ్గర చెప్పారు. ఆ ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. కబురు పంపితే చాలాసేపటికి కాంతమణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నుదుట చెమట, కళ్ళ కింద నలుపు.

"నీ సైకిల్ వచ్చింది. ఇప్పుడే నడువు."

"ఇప్పుడెట్ల వస్త పెద్దయ్యా? పిల్లకు తక్లీఫ్‌గ ఉన్నది. రేపొస్త."

"రేపటిదాకా ఉండది. ఐదింటికి ఒకాయన వస్తుండు." అన్నాక, తను ఎంత వెర్రిమాట మాట్లాడుతున్నాడో అతనికే తెలిసింది. కాన్పు వదిలి రమ్మనడానికి తనకంటే తగనివాడు ఎవడు? నడుముకు దోపుకున్న పిన్ను తీసి, పొద్దున యేసురాజు బండినుంచి చింపిన కాయితం ముక్కలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "గిది లేకుంటే బండి కదలది. నీ దగ్గర పెట్కో. ఆయనకు నేను చెప్పుకుంట. కాయితం చింపలే, నువ్వే చింపు. మొత్తం చింపాలె, తెల్సిందా? ఒక్క ముక్క ఉంచినా తుప్పు పడ్తది."

కాంతమణి పిన్నును అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా అంది. "పెద్దయ్యా, నాకు తొక్కనీకి రాదు."

పర్వతాలు నోరు తెరిచాడు. సీటు ఆలోచించాడు, వల ఆలోచించాడు, దీపం ఆలోచించాడు. పది నెలలు కూర్చుని అన్నీ ఆలోచించాడు.

"రాకుంటే ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు అడగలే గద."

అతను తల కొట్టుకున్నాడు. నిజంగానే కొట్టుకున్నాడు, అరుగు మీది ఆడవాళ్ళు నవ్వారు. "సరే. రేపు పొద్దున ఆరింటికి మెట్టుగూడ రైల్వే మైదానానికి రా. మూడు దినాలల్ల తొక్కుతవ్."

"ఈ వయసుల నా ఎనక ఉరుకుతవా?"

"ఉరకకుంటే ఎట్ల వస్తది?"

"పడిపోత పెద్దయ్యా."

"పడవు. నేను పట్కొనే ఉంట."

ఆ మాట అతను నేర్చుకునే ప్రతివాడికీ చెబుతాడు. సీటు వెనక తోలుపట్టీ కట్టి, దాన్ని పట్టుకుని పరిగెత్తి, బండి కుదురుకుందనిపించగానే చెప్పకుండా వదిలేస్తాడు. తొక్కేవాళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నాడనుకుని ముందుకు పోతారు. లోపలినుంచి కేక వినిపించింది. కాంతమణి పిన్నును సంచిలో వేసుకుని వెనక్కి పరిగెత్తింది.

తిరిగి వచ్చేటప్పుడు రెండుచోట్ల కూర్చున్నాడు. ఐదింటికి జ్ఞానశేఖర్ సరిగ్గా వచ్చాడు. పర్వతాలు తల దించుకుని, లచ్చమ్మ పేరుతో సహా, అంతా చెప్పేశాడు. రెండేళ్ళ తర్వాత ఆ పేరు అనడం అనుకున్నంత కష్టం కాలేదు.

జ్ఞానశేఖర్ గొడుగును గోడకు ఆనించాడు. "ఆ మాట పొద్దున్నే చెబితే సరిపోయేది కదండీ. అంతదూరం నడవాల్సిన పని ఏముంది?"

"నాకు సుత చెప్పొద్దా కాకా?" అన్నాడు తుకారాం. అతనికి నిజంగానే బాధ కలిగింది. "లచ్చమ్మ కోసం ఉరికొచ్చిన నర్సమ్మకు నేను ఇయ్యనంటనా?"

ఇద్దరూ అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి పర్వతాలుకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. పొద్దుటినుంచి తను పడ్డ పరేషాన్ అంతా ఎవరి కోసం పడ్డట్టు?

"మళ్ళీ సరుకు వస్తే నాకు ఇలాంటిదే తెప్పించండి. లేడీస్‌దే," అన్నాడు జ్ఞానశేఖర్ గొడుగు తీసుకుంటూ. "అందాకా నడుస్తాను."

ఆ మనిషి పంచె అంచు మలుపు తిరిగేదాకా పర్వతాలు చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళకు ఒక్కడు దొరికాడు. తర్వాత గోడ మేకుకున్న తోలుపట్టీ తీశాడు. పాత నడుంపట్టీని కోసి చేసుకున్నది, లోపలివైపు అతని వేళ్ళ గుంతలు పడి ఉన్నాయి. ఊపిరి ఆడక నేర్పించడం మానేసి ఐదేళ్ళయింది. నూనె రాసి, మెత్తగా నలిపి, లేడీస్ సైకిలు సీటు వెనక బిగించి, నాలుగు వేళ్ళు దూర్చి లాగి చూశాడు. గట్టిగానే ఉంది. బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని గోడకు తల ఆనించాడు.

దీపాలు పెట్టేవేళ తుకారాం తలుపు చెక్కలు ఒక్కొక్కటే పెడుతూ, "కాకా, దుకాణం కడ్తున్న, లే" అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత చెక్క చప్పుడు కాకుండా కింద పెట్టి, పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

మర్నాడు ఆరింటికి కాంతమణి రైల్వే మైదానంలో నిలబడి ఉంది. సీతాఫల్‌మండి పిల్లకు కొడుకు పుట్టాడు, తల్లీ బిడ్డా క్షేమం. ఆ మాట పెద్దయ్యకు ముందుగా చెప్పాలని వచ్చింది. ఆరున్నరైంది. యేసురాజు ఇరవైనాలుగు సైజు బండి మీద ఎదురొచ్చాడు. ఆమెను చూసి ఆగాలనుకున్నాడు, ఆగడం చేతకాలేదు.

"పర్వతాలు తాత..." అంటూ పక్కనుంచి వెళ్ళిపోయాడు. మైదానం చుట్టి మళ్ళీ వచ్చాడు. "నిన్న పొద్దుగూకంగ..." అని మళ్ళీ వెళ్ళిపోయాడు. మూడో చుట్టులో అతను ఏడుస్తున్నాడు. చెప్పవలసింది అప్పటికే ఆమెకు అర్థమైంది.

దుకాణం నాలుగో రోజు తెరిచారు. కాంతమణి పిన్ను తెచ్చి ఇచ్చింది. తుకారాం దాన్ని ఒకసారి తలకిందులుగా కొట్టి, ఊడదీసి, మళ్ళీ సరిగ్గా బిగించాడు. అలాంటి పని అతను చేసి చాలాకాలమైంది. కాంతమణి బండి చుట్టూ తిరుగుతూ కాయితం చింపింది. పైకడ్డీ మీద, కింద, చక్రాల కొమ్మల మీద, గోటితో గీకి గీకి, ఒక్క ముక్క మిగలకుండా చింపింది.

తుకారాం చాకు తీశాడు. "ఈ తోలుపట్టీ బండిది కాదమ్మా, కాకాది. అడ్డమొస్తదేమో, కోసేస్త."

"ఉండనీ," అంది కాంతమణి.

సంచి క్యారియరు మీద పెట్టి, హేండిలు రెండు చేతులా పట్టుకుని, మెట్టుగూడ వైపు బండిని నడిపించుకుంటూ బయల్దేరింది. ఎక్కలేదు. రాళ్ళ రోడ్డు మీద చక్రం కుదిపినప్పుడల్లా, నాలుగు వేళ్ళు పట్టేంత సందుతో, సీటు వెనక ఆ తోలుపట్టీ అటూ ఇటూ ఊగుతూ పోయింది.